ఫీవర్ సీజన్‌లో వార్డు ఒక్కసారిగా నిండితే: నర్సుల పని పంపకం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మెడికల్ వార్డులో ఇన్‌చార్జ్ సిస్టర్‌ని. వానలు పడి వారం గడిచిందంటే మాకు టెన్షన్ మొదలవుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా డెంగీ, మలేరియా, వైరల్ జ్వరాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రాత్రి 8 గంటలకు సగం ఖాళీగా ఉన్న వార్డు తెల్లారేసరికి నిండిపోవచ్చు. అలాంటప్పుడు స్టాఫ్ ఎంతమంది ఉన్నారన్నది ఎంత ముఖ్యమో, ఉన్నవాళ్లు పని ఎలా పంచుకున్నారన్నదీ అంతే ముఖ్యం. కొత్తగా చేరిన సిస్టర్లు, నర్సింగ్ విద్యార్థులు, ఒక్కోసారి డాక్టర్లు కూడా నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

పని పెరగడమంటే పేషెంట్లు పెరగడమేనా?

కాదు. చాలామంది తప్పుగా లెక్కపెట్టేది ఇక్కడే.

మా వార్డులో 30 మంచాలు. మామూలు రోజుల్లో బీపీ, పల్స్, టెంపరేచర్ 6 గంటలకోసారి చూస్తాం. అంటే ఒక్కో పేషెంట్‌కి రోజుకు 4 సార్లు. 30 మందికి కలిపి 120, గంటకు సగటున 5. ఒక్కొక్కరికి 4 నిమిషాలు అనుకున్నా గంటలో 20 నిమిషాల పని.

ఇప్పుడు పేషెంట్లు అదే 30 మంది ఉన్నారు గానీ వాళ్లలో 12 మంది డెంగీ వాళ్లు, ప్రమాద సూచనలు కనిపిస్తున్నవాళ్లు అనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివాళ్లను గంట నుంచి 4 గంటల లోపు ఒకసారి చూడాలి. డ్యూటీ డాక్టర్ ‘గంటకోసారి’ అని కేస్ షీట్‌లో రాస్తే, వాళ్లకే గంటకు 12. మిగతా 18 మందికి గంటకు 3. మొత్తం 15. నిమిషాల్లో చెప్పాలంటే 60. గంటలో గంట పని! నీళ్లు తాగడానికి కూడా సమయం లేదు. ఒక్క మంచం దగ్గర ఆలస్యమైతే ఆ ఆలస్యం తెల్లారేదాకా వెంటే వస్తుంది.

ఒక్క పేషెంట్ కూడా పెరగలేదు, పని మాత్రం మూడింతలైంది. అడ్మిషన్ రిజిస్టర్ చూసి లోడ్ అంచనా వేసేవాళ్లకు ఇది కనిపించదు.

వార్డులో పని ఎలా పంచుకుంటారు?

ప్రధానంగా రెండు రకాలు. పనుల వారీ పంపకంలో ఒక సిస్టర్ ఇంజెక్షన్లు, సెలైన్లు చూస్తుంది, ఇంకొకరు బీపీ, టెంపరేచర్ చూస్తారు, మరొకరు అడ్మిషన్లు, కేస్ షీట్లు, ఇండెంట్లు (స్టోర్ నుంచి మందులు, సామాను తెప్పించే చీటీలు) రాస్తారు. మంచాల వారీ పంపకంలో 1 నుంచి 10 దాకా ఒకరివి, 11 నుంచి 20 దాకా ఇంకొకరివి. ఆ పదిమందికి కావాల్సిన ప్రతి పనీ ఆ సిస్టర్‌దే. ఈ రెండూ కలిపి, ఒక సీనియర్ కింద ఇద్దరు ముగ్గురిని పెట్టి కొన్ని మంచాలు అప్పగించే పద్ధతి కూడా ఉంది. మన దగ్గర ఎక్కువగా నడిచేది మొదటిదే. మనుషులు తక్కువ, పని ఎక్కువ ఉన్నచోట అదే త్వరగా అవుతుందని అందరికీ అనిపిస్తుంది.

మరి పనుల వారీగా పంచుకుంటే ఫీవర్ సీజన్‌లో ఇబ్బంది ఏమిటి?

నేను స్టాఫ్ నర్స్‌గా ఉన్నప్పుడు జరిగింది చెప్తాను. అది ఇప్పుడు నేను చేస్తున్న ఆసుపత్రి కాదు. రాత్రి డ్యూటీలో ముగ్గురం. నాది ఇంజెక్షన్ ట్రే. ఒక అక్కది బీపీ. ఇంకో అమ్మాయిది అడ్మిషన్లు.

డెంగీ పేషెంట్లకు యాంటీబయాటిక్స్ పని లేదు. కండరానికి ఇచ్చే ఇంజెక్షన్లు అసలే వద్దంటారు. కాబట్టి ఆ రాత్రి నా ట్రే పన్నెండున్నరకే అయిపోయింది. నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని పొద్దుటి డోసులకు సిరంజీలు సర్దుకుంటున్నాను. బీపీ అక్క మాత్రం ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పరుగెడుతూనే ఉంది. 17వ మంచంలో డిగ్రీ చదివే అబ్బాయి. ఒంటి గంటకు చూడాలి. రెండైనా అక్క ఇంకా 9వ మంచం దగ్గరే ఉంది. వాళ్లమ్మ నన్ను చూసి, “జ్వరం తగ్గింది సిస్టర్, ఇప్పుడే నిద్రపట్టింది” అంది సంతోషంగా. నేనూ సంతోషించాను. డెంగీలో జ్వరం దిగే సమయమే అసలు ప్రమాదమని నాకు తెలియక కాదు. బీపీ నా పని కాదు కదా అని బుర్రలో పడిపోయింది.

రెండూ నలభైకి అక్క 17వ మంచానికి చేరింది. బీపీ 100/84. పై అంకె చూస్తే పర్వాలేదనిపిస్తుంది. కానీ రెండింటికీ తేడా 16. ఆ తేడా 20 లేదా అంతకన్నా తక్కువైతే షాక్‌లోకి, అంటే ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి వెళ్తున్నట్టు. చేతులు చల్లగా ఉన్నాయి. డ్యూటీ డాక్టర్‌ని లేపి, సెలైన్ స్పీడు పెంచి, ఐసీయూకి మార్చాం. అబ్బాయి బతికాడు. వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. గంటా నలభై నిమిషాలు ఆలస్యమైందన్న సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ రాత్రి ఎవరూ బద్ధకంగా లేరు. వచ్చిన పనంతా ఒకే మనిషి నెత్తిన పడింది, పక్కన రెండు చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆ పనిని ఈ చేతులకు మళ్లించే దారి మా పంపకంలో లేదు. పనుల వారీ పంపకంలో పెరిగిన లోడ్ అందరి మీదా సమానంగా పడదు. ఏ పని పెరిగిందో ఆ మనిషి ఒక్కరే మునిగిపోతారు.

అదే గంటకు 15 బీపీల లెక్కను మంచాల వారీగా ముగ్గురికి పంచి చూడండి. సీరియస్ వాళ్లను సమానంగా పంచితే ఒక్కొక్కరికి గంటలో 20 నిమిషాలే. మిగతా 40 నిమిషాలు ఆ పదిమంది మిగతా అవసరాలకు. పైగా ఒకే సిస్టర్ ఆ అబ్బాయిని పదింటికి, పదకొండుకి, పన్నెండుకి చూసి ఉంటుంది. మొహంలో తేడా ఆమెకే ముందు తెలుస్తుంది.

అయితే ఎప్పుడూ మంచాల వారీగానే పంచుకుంటే పోదా?

పోదు. పని ఎలాంటిదో చూడాలి.

బస్సు ప్రమాదం జరిగి క్యాజువాలిటీకి 20 మంది ఒకేసారి వచ్చారనుకోండి. ఒక్కో సిస్టర్ ఒక్కో పేషెంట్‌ని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూస్తూ కూర్చుంటే, ఎక్కువ అరిచేవాళ్లకు ముందు వైద్యం అందుతుంది. అరవలేని స్థితిలో ఉన్నవాళ్లు స్ట్రెచర్ మీదే ఉండిపోతారు. అక్కడ ఒకరు అందరినీ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు ట్యాగులు వెయ్యాలి. ఒకరు కాన్యులాలు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టాలు) పెడుతూ పోవాలి. ఒకరు పేర్లు, వివరాలు రాయాలి. గుండె ఆగిన పేషెంట్ దగ్గరా అంతే. ఛాతీ నొక్కేవాళ్లు, శ్వాస చూసేవాళ్లు, మందులిచ్చేవాళ్లు, టైమ్ రాసేవాళ్లు విడివిడిగా ఉండాలి. నొక్కే మనిషి 2 నిమిషాలకోసారి మారాలి.

టీకా క్యాంపు కూడా పనుల వారీగానే బాగా నడుస్తుంది. ఏం రాబోతోందో ముందే తెలిసినప్పుడు, అందరికీ ఒకే పని చేయాల్సి ఉన్నప్పుడు ఆ పద్ధతే చురుకు. ఏ మంచం నుంచి ఏ కష్టం వస్తుందో తెలియని ఫీవర్ వార్డు రాత్రుళ్లకు మంచాల వారీ పంపకం మేలు.

మంచాల పంపకానికీ ఒక లోపం ఉంది, దాచకూడదు. పదిమంది బాధ్యత పూర్తిగా ఒక్కరిదే కాబట్టి ఆ ఒక్కరికి అన్నీ రావాలి. మూడు నెలల క్రితం చేరిన అమ్మాయికి పది డెంగీ మంచాలు అప్పగిస్తే అది ఆమెకూ అన్యాయం, పేషెంట్లకూ అన్యాయం. అందుకే జూనియర్ మంచాలను సీనియర్ మంచాల పక్కనే ఇస్తాం. కర్టెన్ తీస్తే సీనియర్ కనిపించాలి.

రాత్రికి రాత్రి ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారవచ్చా?

ఒక వైపు మారడం తేలిక, రెండో వైపు కష్టం. ఇది నా అనుభవమే కాదు. హెన్రీ మూన్, జాన్ హోలెన్‌బెక్ మరికొందరు కలిసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, నలుగురేసి ఉన్న జట్లతో కంప్యూటర్ మీద ఒక పని చేయించి మధ్యలో వాళ్ల పంపకం మార్చి చూశారు. పనుల వారీగా మొదలై ఎవరి ప్రాంతం వాళ్లు చూసుకునే పద్ధతికి మారిన జట్లు బాగానే సర్దుకున్నాయి. ఎవరిది వాళ్లు చూసుకోవడంతో మొదలైన జట్లను పనుల వారీగా మారిస్తే తడబడ్డాయి.

కారణం ఆలోచిస్తే మన వార్డులోనే కనిపిస్తుంది. పనుల వారీగా చేసేవాళ్లు రోజంతా ఒకరినొకరు అడుగుతూనే ఉండాలి. “12కి సెలైన్ అయిందా అక్కా?”, “బీపీ చూశాకే ఈ మందు వేస్తాను” అనే మాటలు నడుస్తూ ఉంటాయి. ఆ మాట్లాడుకునే అలవాటు మంచాలు పంచుకున్నాక కూడా పోదు. మొదటి నుంచీ ఎవరి పదిమంది వాళ్లదిగా ఉన్నవాళ్లకు ఆ అలవాటే ఏర్పడదు. ఉన్నట్టుండి కలిసి చేయమంటే ఎవరితో ఏం చెప్పాలో తోచదు.

అందుకని నేను ఫీవర్ సీజన్ రాకముందే, పని తక్కువ ఉన్న జూన్ నెలలో, వారంలో కొన్ని షిఫ్టులు అలా, కొన్ని ఇలా నడిపిస్తాను. మారాల్సిన గీత కూడా ముందే గీసి పెడతాను: గంటకోసారి చూడాల్సిన పేషెంట్లు 6 దాటితే మంచాల పంపకం. 6 అనేది మా వార్డుకు, మా స్టాఫ్‌కు సరిపోయిన అంకె, మీది వేరే కావచ్చు. ఏదో ఒక అంకె గోడ మీద రాసి ఉండాలి. లేకపోతే అర్ధరాత్రి “ఇప్పుడు మార్చాలా, ఇంకాసేపు చూద్దామా” అనే చర్చతోనే గంట గడిచిపోతుంది.

ఇంకో ఇద్దరు సిస్టర్లను పంపిస్తే సరిపోతుంది కదా?

పంపండి, కాదనను. కానీ ఎప్పుడు పంపారు, వచ్చినవాళ్లకు ఏం పని ఇచ్చారు అన్నది చూడాలి.

ఐబీఎమ్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఒక మాట రాశారు: ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుంది. మన హైదరాబాద్ ఐటీవాళ్లకు బాగా తెలిసిన సంగతే. ముగ్గురున్న జట్టులో మాట్లాడుకునే జంటలు 3. ఐదుగురైతే 10. ఎనిమిది మందైతే 28. కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పడానికి ఉన్నవాళ్లు పని ఆపాలి.

వార్డులోనూ అంతే. రాత్రి రెండింటికి ఆర్థో వార్డు నుంచి వచ్చిన సిస్టర్‌కు మా మందుల అల్మరా తాళం ఎక్కడుందో తెలియదు, ఏ పేషెంట్ ఎలా ఉన్నాడో తెలియదు. ఆమెకు సీరియస్ మంచాలు ఇవ్వను. పెద్దగా చెప్పాల్సిన అవసరం లేని, మొదటి నుంచి చివరిదాకా ఆమె ఒక్కతే చేయగలిగిన పని ఇస్తాను. కొత్త అడ్మిషన్లన్నిటికీ కాన్యులా పెట్టి రక్తం తీయడం, లేదా స్టేబుల్‌గా ఉన్న ఎనిమిది మందిని చూడటం. మా సిస్టర్లు సీరియస్ వాళ్ల దగ్గరే ఉంటారు.

సాయం కావాలని మునిగాక అడిగితే ఉపయోగం తక్కువ. రాత్రి 9కే అంచనా వేసి అడిగితే, వచ్చిన మనిషి ఓవర్ (పేషెంట్ల వివరాల అప్పగింత) పూర్తిగా విని పనిలోకి దిగుతుంది.

ఒక సిస్టర్ ఖాళీగా కనిపిస్తే స్టాఫ్ ఎక్కువైనట్టే కదా?

రౌండ్స్‌కి వచ్చే పెద్దల దగ్గర ఎక్కువగా వినే మాట ఇది. దీనికి జవాబు వందేళ్ల కిందటే దొరికింది. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే గణితవేత్త కోపెన్‌హేగన్ టెలిఫోన్ కాల్స్ మీద 1909లో లెక్కలు ప్రచురించాడు. ఆ దారిలో వచ్చిన ఒక తేలికైన లెక్క చెప్తాను. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్క మనిషి దగ్గర వరుసలో ఆగుతాయనుకుందాం. ఆ మనిషి సమయంలో 80% నిండితే, 4 నిమిషాల పని ఎదురుచూపుతో కలిపి సగటున 20 నిమిషాలకు అవుతుంది. 90% నిండితే 40 నిమిషాలు. 95% నిండితే 80 నిమిషాలు.

80 నుంచి 95కి పెరిగింది కొంచెమే, ఆలస్యం మాత్రం నాలుగింతలు. అందరూ ఎప్పుడూ పనిలోనే కనిపించే వార్డులో, కొత్తగా వచ్చే ఏ కష్టానికీ చోటు ఉండదు. ఖాళీగా ఉన్న ఆ కాస్త సమయమే 17వ మంచం లాంటివాళ్లను కాపాడేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం జనరల్ వార్డులో, బోధనాసుపత్రి అయితే ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. పంపకం ఎంత బాగా చేసినా అది లేని మనుషులను పుట్టించదు. “మీరే సర్దుకోండమ్మా” అనడానికి ఈ పేజీని ఎవరూ వాడుకోవద్దు.

లోడ్ పెరిగినప్పుడు ఇన్‌చార్జ్ సిస్టర్ కూడా ట్రే పట్టుకోవాలా?

చూస్తూ ఉండలేం, చేతులు ఊరుకోవు. నేనూ చాలాసార్లు అదే చేశాను. కానీ నేను ఒక మంచం దగ్గర వంగి కాన్యులా పెడుతున్నంతసేపూ మిగతా 29 మంచాలను ఎవరూ చూడటం లేదు. ఏ సిస్టర్ మీద ఎక్కువ పడింది, ఎవరి దగ్గర నుంచి ఎవరికి రెండు మంచాలు మార్చాలి, ల్యాబ్ నుంచి ప్లేట్‌లెట్ల రిపోర్టు వచ్చిందా, డాక్టర్‌కు ముందు ఏ పేషెంట్ గురించి చెప్పాలి అన్నవి చూసే మనిషి ఒకరు నిలబడి ఉండాలి.

1970లో కాలిఫోర్నియాలో అడవులు భయంకరంగా తగలబడ్డాక, అగ్నిమాపక దళాలు ఎక్కడ దెబ్బతిన్నాయో చూస్తే, ఒకే అధికారి కింద మరీ ఎక్కువమంది ఉండటం ఒక కారణంగా తేలింది. తర్వాత వాళ్లు పెట్టుకున్న పద్ధతిలో ఒకరి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, ఐదుగురైతే మేలు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి వ్యవస్థ మీదే నడుస్తాయి. ముగ్గురే ఉన్న రాత్రి నేను పని చేయక తప్పదు. అప్పుడు తేలికైన మూడు నాలుగు మంచాలే, అవీ స్టేషన్‌కు దగ్గరగా ఉన్నవే తీసుకుంటాను.

రాత్రికి ఇద్దరు నర్సులే ఉండే చిన్న నర్సింగ్ హోమ్ సంగతేంటి?

ఇద్దరికి పంపకం కన్నా ఒప్పందం ముఖ్యం. ఇద్దరూ ఒకేసారి ఒకే గదిలో ఉండకూడదు. ఎంతమంది దాటితే కొత్త అడ్మిషన్ తీసుకోకుండా పెద్దాసుపత్రికి పంపాలో డాక్టర్‌తో పగలే మాట్లాడుకోవాలి.

మునిగిపోతున్నా సిస్టర్లు సాయం ఎందుకు అడగరు?

అడిగితే “ఈ మాత్రం చేయలేవా?” అంటారని. ఆ మాట ఒక్కసారి విన్న అమ్మాయి మళ్లీ ఏడాది దాకా నోరు విప్పదు. నేను వినే స్థానం నుంచి అనగలిగే స్థానానికి వచ్చాను కాబట్టి దీని మీద చాలా పట్టుదలగా ఉంటాను.

మా వార్డులో అడగాల్సిన బాధ్యత ఆ అమ్మాయిది కాదు. ప్రతి రెండు గంటలకు నేనే తిరుగుతాను. “బాగానే ఉందా?” అని అడగను, ఎందుకంటే దానికి “ఆఁ మేడమ్” అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. “ఇప్పుడు ఏ మంచం చూడటం లేటైంది?” అని అడుగుతాను. దానికి నంబరు చెప్పాలి. 14 అనగానే, ఖాళీగా ఉన్న సిస్టర్ 14కి వెళ్తుంది. ఎవరూ ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. సాయం చేసిన మనిషి తాను చూసింది చార్టులో రాసి, పెదవి విప్పి చెప్పి మరీ వెనక్కి రావాలి. లేకపోతే ఒకే బీపీ ఇద్దరు చూస్తారు, ఇంకోటి ఎవరూ చూడరు.

షిఫ్ట్ మారేటప్పుడు ఓవర్ ఎలా ఇవ్వాలి?

రద్దీ రోజున 1 నుంచి 30 దాకా వరుసగా చదువుకుంటూ పోవద్దు. సీరియస్ వాళ్లతో మొదలుపెట్టండి, మంచం దగ్గరే నిలబడి చెప్పండి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి వైద్యానికి వచ్చిన ఎస్‌బీఏఆర్ పద్ధతి నర్సింగ్‌లో ఇప్పుడు అందరికీ పరిచయమే: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనకటి సంగతేమిటి, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి. మూడోది మనవాళ్లు మింగేస్తారు, “నాకెందుకో ఈయన బాగా లేడనిపిస్తోంది” అనడానికి మొహమాటపడతారు. దయచేసి అనండి.

పని ఉన్నట్టుండి తగ్గితే?

పండగ ముందు రోజు డిశ్చార్జులు పెట్టి సగం వార్డు ఖాళీ అవుతుంది. వెంటనే స్టాఫ్‌ను వేరే వార్డులకు తీసేస్తారు. ఒక్క రోజు ఆగమని అడగండి. ఆ రోజు నిద్రలేనివాళ్లకు ఆఫ్ ఇవ్వాలి, అత్యవసర ట్రే నింపుకోవాలి, రాయకుండా మిగిలిన చార్టులు పూర్తి చేయాలి.

ఆయమ్మలు, పేషెంట్ల తరఫువాళ్లు ఈ లెక్కలో ఉన్నారా?

ఉన్నారు, మనమే లెక్కలో వేసుకోం. డెంగీ పేషెంట్ ఎన్ని నీళ్లు తాగాడు, ఎంత మూత్రం పోశాడు అనేవి బీపీతో సమానంగా ముఖ్యం. 12 మందికి ఆ రెండూ రాయడానికి సిస్టర్‌కు సమయం దొరకదు. ఆయమ్మకు కొలత గిన్నె ఎలా చూడాలో పది నిమిషాలు చూపిస్తే ఆమె అంకె సరిగ్గా చెప్తుంది. ఎంఎన్ఓ (వార్డులో సాయం చేసే మగ సహాయకుడు) ల్యాబ్‌కు శాంపిళ్లు విడివిడిగా కాకుండా గంటకోసారి కలిపి తీసుకెళ్తే అతనికి తిరుగుడు తగ్గుతుంది, అత్యవసరమైనవి మాత్రం అప్పటికప్పుడే వెళ్లాలి.

తరఫువాళ్లకు నేను ఒక కాగితం, పెన్సిల్ ఇస్తాను. గ్లాసు ఓఆర్ఎస్ తాగితే ఒక గీత, మూత్రానికి వెళ్తే ఒక సున్నా. చదువు రాని తల్లులు కూడా చక్కగా పెడతారు. జ్వరం తగ్గి చేతులు చల్లబడినా, కడుపు నొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా, రక్తం కనిపించినా, ఎంత రాత్రయినా వచ్చి పిలవమని చెప్పి, వాళ్ల మంచం ఏ సిస్టర్‌దో ఆమె మొహం చూపిస్తాను. పోయిన సీజన్‌లో ఒకామె రాత్రి మూడింటికి ఆ కాగితం పట్టుకుని వచ్చింది. గీతలు తొమ్మిది ఉన్నాయి, సున్నాలు ఒక్కటీ లేదు. “పదింటి నుంచి పోయలేదమ్మా” అంది. ఆ మంచం చూస్తున్న సిస్టర్ అప్పటికే లేచి బీపీ మిషన్ అందుకుంది.